భీమిలి వెళ్ళొచ్చామంటారు, భీమిలి మాత్రం చూడరు

సోమవారం పొద్దున్న ఆఫీసు పాంట్రీలో, కాఫీ మెషిన్ దగ్గర తరచూ వినబడే ముచ్చట ఇది.

"వీకెండ్ ఎక్కడికెళ్ళారు?"

"మా మ్యారేజ్ డే కదా, ఇద్దరం భీమిలి వెళ్ళొచ్చాం."

"ఓ! ఎలా ఉంది?"

"సూపర్. సీ వ్యూ రూమ్. బఫేలో 3 రకాల దోసెలు. పూల్ కూడా నీట్‌గా ఉంది."

"ఊళ్ళో ఏం చూశారు?"

"ఊళ్ళోనా? ఊళ్ళో ఏముందీ?"

ఇదిగో, ఈ ఆఖరి మాట దగ్గరే నాకు ఒళ్ళు మండేది. ఏముందీ అని అడగడానికైనా కనీసం ఒకసారి గేటు దాటి బయటికెళ్ళి చూసుండాలి కదా! 500 కిలోమీటర్లకి పైగా రైల్లో వెళ్ళి, ఆ చివరి అరకిలోమీటరు మాత్రం నడవని వాళ్ళు తీర్పు చెప్పేస్తే ఎలా?

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. పెళ్ళిరోజుకని చరిత్ర ఉన్న ఒక సముద్రపుటూరికి వెళ్ళి, ఆ ఊరిని రిసార్టు ప్రహరీగోడ బయటే వదిలేసి రావడం దండగ. డబ్బు దండగ అనట్లేదు, మీ డబ్బు మీ ఇష్టం. ఏడాదికోసారి దొరికే ఆ 2 రోజులూ దండగ. పైగా, మనం చూడకుండా వచ్చేసిన ఊరు మెల్లమెల్లగా చదునైపోతుంది. ఈ రెండో సంగతి మాత్రం మీ ఇష్టం, నా ఇష్టం అని వదిలేసేది కాదు.

ముందు ఆ 2 రోజుల లెక్క చూద్దాం. లెక్కలంటే మనవాళ్ళకి ఇష్టమే కదా :)

శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలెక్కి శనివారం పొద్దున్న విశాఖలో దిగుతారు. అక్కణ్ణించి భీమిలికి బీచ్ రోడ్డు మీద గంట ప్రయాణం. రూము మధ్యాహ్నం 2కి గానీ ఇవ్వరు, అందాకా లాబీలో ఫోన్లు చూసుకుంటూ కూర్చోవడమే. మర్నాడు 11కి ఖాళీ చెయ్యాలి. అంటే చేతికి దక్కింది 21 గంటలు. నిద్ర 8 తీసెయ్యండి, 13. మూడు పూటల బఫేలకి, ప్లేటు పట్టుకుని నిలబడ్డానికి 4 తీసెయ్యండి, 9. ఫొటోలు దిగడం, వాటిలో మంచిది ఏరడం, పెట్టడం, వచ్చిన ప్రతి "హ్యాపీ యానివర్సరీ"కీ థాంక్యూ కొట్టడం, ఇదో 2. మిగిలింది 7. "ఒక్క మెయిలు చూసి వచ్చేస్తా" అన్నది ఎంత తక్కువ వేసుకున్నా 2. మిగిలింది 5 గంటలు. ఇదేం సర్వే కాదు, మా టీము వాళ్ళ కబుర్లు వింటూ నేను వేసిన కాకిలెక్క. కానీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, పెద్ద తేడా ఉందా?

ఆ 5 గంటల్లో కూడా చూసేది ఏంటి? ఏసీ, టీవీ, పరుపు, వై-ఫై. ఇవన్నీ గచ్చిబౌలి ఫ్లాట్లో ఉన్నవే. సముద్రం ఒక్కటే కొత్త. అది కూడా కిటికీ అద్దంలోంచి, స్క్రీన్ సేవర్ చూసినట్టు చూడాలి.

"అలసిపోయి ఉంటాం బాబూ, రెస్ట్ కోసం వెళ్తాం. మళ్ళీ అక్కడ కూడా చరిత్ర పాఠాలా?" అంటారని తెలుసు. సరే, రెస్ట్ సంగతే మాట్లాడుకుందాం.

పెళ్ళైన కొత్తలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. ఏడో ఏడో, పన్నెండో ఏడో వచ్చాక అలా కుదరదు. కుదురుతుందని ఎవరైనా అంటే వాళ్ళకో దండం. ఇంట్లో మనం మాట్లాడుకునే మాటలు ఒకసారి గుర్తు చేసుకోండి. ఈఎమ్ఐ కట్టావా, పనమ్మాయి రేపు రాదట, బాబు స్కూలు ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడు, మీ అమ్మగారి బీపీ మందులు తెప్పించాలి, హైక్ లెటర్ వచ్చిందా. ఇవేవీ చెడ్డ మాటలు కావు, సంసారం నడవాలంటే తప్పవు. కానీ రోజంతా ఇవే. మరి ఇవే మాటలున్న ఇద్దర్ని తీసుకెళ్ళి కొవ్వొత్తి వెలుగులో ఎదురెదురుగా కూర్చోబెడితే కొత్త మాటలు ఎక్కణ్ణించి వస్తాయి? పది నిమిషాలు నవ్వుతారు. పదకొండో నిమిషంలో కారు లోను మొదలవుతుంది. కొవ్వొత్తి పాపం ఏం చేస్తుంది!

ఇద్దరూ కలిసి చూడ్డానికి మూడోది ఒకటి కావాలి. మనది కానిది, మన టు-డూ లిస్టులో లేనిది. అది చూస్తూ పక్కపక్కన నడుస్తుంటే, ఇంట్లో ఎప్పుడూ రాని మాట దానంతటదే వస్తుంది. పాత ఊళ్ళు అందుకు పనికొస్తాయి. నా మటుకు నాకు పెళ్ళిరోజుకి పాత ఊరికి వెళ్ళడంలో ఉన్న లాభం ఇదే.

మేము మా పెళ్ళిరోజుకి భీమిలి వెళ్ళినప్పుడు ఊళ్ళోనే మామూలు గదిలో దిగాం. పొద్దున్నే ఆటో అతన్ని డచ్చి వాళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళమంటే మా ఇద్దరి వంకా ఎగాదిగా చూశాడు. "సమాదులేటి సార్ సూడ్డానికి? బీచికి తీస్కెల్తాను, రండి" అన్నాడు. మా ఆవిడ నవ్వి, "పెళ్ళిరోజు పూట శ్మశానానికి తీసుకెళ్ళే మొగుడు నాకే దొరికాడన్నా, ఏం చేస్తాం" అంది. అతనూ నవ్వేసి తీసుకెళ్ళాడు.

ఆ చోటు పేరు హాలండర్స్ గ్రీన్. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ వాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1602లో పుట్టిన ఆ కంపెనీ వాటాలు అమ్మి పెట్టుబడి పోగేసుకుని, సముద్రాల అవతల ఊరూరా ఉద్యోగులని దింపిన మల్టీనేషనల్. మన భాషలో చెప్పాలంటే, ఆ సమాధుల్లో ఉన్నవాళ్ళు ఆన్‌సైట్‌కి వచ్చి తిరిగి వెళ్ళలేని వాళ్ళు. మొనదేలిన స్తంభాలు, పలకల మీద చెక్కిన రాతలు, పక్కనే సముద్రం హోరు. వాళ్ళు కొనుక్కెళ్ళింది ముఖ్యంగా మన నేత బట్టలు. 1824లో ఇంగ్లీషు వాళ్ళకీ డచ్చి వాళ్ళకీ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 1825లో ఊరు ఇంగ్లీషు వాళ్ళ చేతికి వెళ్ళింది. 1861కల్లా ఇక్కడ మునిసిపాలిటీ ఉంది. దేశంలో బాగా పాత మునిసిపాలిటీల్లో ఇదొకటి. ఇప్పుడు గ్రేటర్ విశాఖ కార్పొరేషన్లో కలిసిపోయింది.

మా ఆవిడ ఒక పలక మీద అక్షరాలు వేలితో తడుముతూ చాలాసేపు నిలబడింది. తర్వాత, తను న్యూజెర్సీలో ఉన్న 11 నెలల గురించి మాట్లాడ్డం మొదలెట్టింది. మొదటి 2 నెలలూ లంచ్ టైములో రోజూ కారులో కూర్చుని ఒక్కతే తినేదాన్నని చెప్పింది. ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసేది కాదట. రాత్రి వీడియో కాల్లో పిల్లాడు కనబడితే నవ్వుతూ ఉండేదాన్నంది. ఆ సంగతి చెప్పడానికి ఇంట్లో సందర్భం రాలేదు, అంతే. ఏ క్యాండిల్ లైట్ డిన్నరూ ఆ మాట బయటికి తెచ్చేది కాదు. ఎవరో పరాయి దేశపు ఉద్యోగి సమాధి తెచ్చింది.

ఇక్కడితో అయిపోలేదు. బీచి దగ్గర టీ కొట్లో ఒక పెద్దాయన మాటల్లో పడ్డాడు. మేం పాత పోర్టు గురించి అడిగితే, "మా తాత ఈ రేవులోనే ఓడెక్కి రంగం ఎల్లాడు. ఓపాలి డబ్బులంపాడు. మరి రానేదు" అన్నాడు. టీ తాగుతూ చాలా మామూలుగా చెప్పేశాడు ఆ మాట.

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ ముసలాళ్ళ నోట వినబడే మాట. 19వ శతాబ్దం చివర్నించి కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నించి వేలకి వేలమంది తెలుగు కూలీలు స్టీమర్లెక్కి బర్మా వెళ్ళారు. రైసు మిల్లుల్లో, రంగూన్ రేవులో బస్తాలు మొయ్యడానికి. వాళ్ళని కుదిర్చి తీసుకెళ్ళేవాడు మేస్త్రీ. ముందు అడ్వాన్సు ఇస్తాడు, అది తీరేదాకా అతని చెప్పుచేతల్లో ఉండాలి. బాండు మీద సంతకం పెట్టి కన్సల్టెన్సీ చేతిలో ఇరుక్కున్న ఫ్రెషర్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కాకపోతే వాళ్ళ కష్టం ముందు మన కష్టం ఏపాటిది! ఎక్కువమంది మగవాళ్ళే వెళ్ళారు. పెళ్ళాలు ఇక్కడే ఉండిపోయారు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య గొడవలై రక్తం పారింది. 1942లో జపాను వాళ్ళు రంగూన్‌ని పట్టుకున్నప్పుడు ఓడల్లో చోటు దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు, దార్లో పోయినవాళ్ళు పోగా. 1960ల్లో మళ్ళీ ఇంకొన్ని వేలమంది వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే.

అంటే, మనం సెల్ఫీ దిగే ఆ ఒడ్డు మీద నిలబడి మొగుడి కోసం చూసిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళకి పెళ్ళిరోజులు లేవు, ఫొటోలు లేవు. తెలుగువాడు పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటడం మన హెచ్-1బీతో మొదలు కాలేదు. ఆ సంగతి మనకి చెప్పే చోటు ఇది. అమెరికా వెళ్ళొచ్చిన తెలుగు ఇంజనీరు దంపతులు ఈ ఒడ్డు మీద రెండు నిమిషాలు నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు?

"ఊళ్ళో ఏముందీ" అన్నారు కదా, ఇంకా ఉంది, వినండి.

మనం గోగునార అంటామే, మన గోంగూరకి దగ్గర చుట్టం, ఆ నారకి ప్రపంచ మార్కెట్లో ఉన్న పేరు "బిమ్లి జూట్". ఇంగ్లీషు వాడి నోట్లో భీమునిపట్నం బిమ్లిపటం అయింది, ఆ ఊరి పేరే సరుకు పేరైంది. దగ్గర్లోనే మూతపడ్డ చిట్టివలస జూట్ మిల్లు ఉంది. బొర్రా గుహల దగ్గర పారే గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసేది ఈ ఊరి పక్కనే. పొద్దున్నే అక్కడికెళ్తే వలలు సర్దుకునేవాళ్ళు, పడవలు ఇసకలోకి లాగేవాళ్ళు కనబడతారు. టికెట్ లేదు, బుకింగ్ లేదు, ఓటీపీ అసలే లేదు.

ఊరిమీద పావురాలకొండ ఉంది. పైన నరసింహస్వామి గుడి, బౌద్ధ విహారాల ఆనవాళ్ళు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. విశాఖ వైపు వస్తుంటే బావికొండ, తొట్లకొండ. నౌకాదళం వాళ్ళు ఏరియల్ సర్వే చేస్తుంటే తొట్లకొండ మీద శిథిలాలు బయటపడ్డాయి. 1988 నించి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే మహాస్తూపం, చైత్యాలు, విహారాలు, వంటశాల, భోజనశాల, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రోమన్ వెండి! రెండు వేల ఏళ్ళ క్రితమే ఆ కొండకింద రేవులకీ అవతలి ప్రపంచానికీ లెక్కలు నడిచాయన్నమాట. కొండమీద నిలబడి చూస్తే ఆ స్థలం ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. సంసారం వదిలేసిన భిక్షువులు ఉన్న చోటికి పెళ్ళిరోజు చేసుకోడానికి వెళ్ళడం కొంచెం తమాషాగానే ఉంటుంది, ఒప్పుకుంటా :) కానీ వానాకాలంలో నీళ్ళు ఎలా దాచుకున్నారో, వందమంది కలిసి ఎలా తిన్నారో చూస్తుంటే, అది కూడా ఒక పెద్ద ఇల్లే కదా అనిపిస్తుంది.

ఇక ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటల్లో మీరంతా చూసే ఉంటారు. సముద్రం, గాలి, వాన కలిసి వేల ఏళ్ళపాటు పోసి, కోసి, పేర్చిన ఇసక. ఇనుము ఆక్సైడ్ వల్ల ఆ ఎరుపు. ఇలాంటి తీరపు ఎర్రఇసక దక్షిణాసియాలో తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉంది, అంతే. జియలాజికల్ సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అయితే అంతకు ముందు ఏడాదే, 2024 జులైలో, ఆ దిబ్బల పక్కన యంత్రాలు పెట్టి నేల చదును చేస్తున్నారని గోల లేచింది. ఊరివాళ్ళూ, పర్యావరణం పట్టించుకునేవాళ్ళూ అరిచాక పనులు ఆగాయి. వాళ్ళు అరవబట్టి ఆగాయి. వాళ్ళకి ఆ దిబ్బలు తెలుసు గనక అరిచారు.

నా గోలంతా ఇక్కడే ఉంది. చూడని దాని కోసం ఎవరూ అరవరు. 2019లో వానలకి తొట్లకొండ మహాస్తూపం ఒక పక్క కూలినప్పుడు మన ఆఫీసుల్లో ఎంతమంది ఆ మాట ఎత్తారు? అదే ఏ రిసార్టు పూల్లోనో నీళ్ళు మురికిగా ఉంటే పేజీల కొద్దీ రివ్యూ రాసే మనం! ఒక్క స్టారు తగ్గిస్తే మేనేజరు పరుగెత్తుకొస్తాడని మనకి తెలుసు. స్తూపానికి స్టార్లు ఇచ్చే అలవాటు మాత్రం లేదు.

పైగా ఇక ముందు ఒత్తిడి పెరిగేదే గానీ తగ్గేది కాదు. రుషికొండ దగ్గర ఐటీ హిల్స్ ఎప్పణ్ణించో ఉన్నాయి. భోగాపురం విమానాశ్రయానికి చోటు చూసింది భీమిలికి కొద్ది దూరంలోనే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో పెద్ద డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. ఇవి వద్దనట్లేదు, రావాలి. మనవాళ్ళు వెనక్కి రావడానికి దారి దొరుకుతుంది. కానీ వాటితోపాటు ప్లాట్లు కొనడానికి వచ్చేదెవరు? మనమే. "సీ వ్యూ, హిల్ వ్యూ, హెరిటేజ్ వ్యూ" అని బ్రోచర్లు వచ్చేది మన మెయిలుకే. ఆ దిబ్బ మీద ఒక సాయంత్రం నడిచినవాడు ఆ బ్రోచరు చూసి కనీసం సర్వే నంబరు ఏదని అడుగుతాడు. రిసార్టు కిటికీలోంచి చూసినవాడు టోకెన్ అడ్వాన్సు ఎంతని అడుగుతాడు.

ఇక మీ అభ్యంతరాలు.

"అక్కడ సౌకర్యాలు లేవు, బోర్డులు లేవు, బాత్రూములు లేవు." నిజం. ముఖ్యంగా ఆడవాళ్ళకి ఇది చిన్న ఇబ్బంది కాదు. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ కారణం, ఫలితం తారుమారు చెయ్యకండి. అడిగేవాళ్ళు లేక రాలేదు అవి. 1954లో ఫ్రెంచి వాళ్ళు వదిలి వెళ్ళిన పుదుచ్చేరిలో పాత వీధులు ఇవాళ అలా ఉండటం వెనక పాత ఇళ్ళని పట్టుబట్టి బాగుచేయించిన వాళ్ళున్నారు, ఆ వీధుల్లో నడవడానికే వచ్చే జనమున్నారు. మనవాళ్ళు ఆ పసుపు గోడల ముందు 40 ఫొటోలు దిగుతారు. అంటే పాత ఊరంటే మనకి ఇష్టం లేక కాదు. ఇంకొకడు ఊడ్చి, రంగేసి, మ్యాపు చేతిలో పెడితే ఇష్టం. మన ఊరికి ఆ పని మనం అడిగి చేయించుకోవాలి.

"మాకు హిస్టరీ రాదండీ." రాకపోతే మంచిదే. రోజూ 200 పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు చదివే బుర్రకి, వెళ్ళేముందు రైల్లో అరగంట తొట్లకొండ గురించి చదవడం కష్టమా? ఇద్దరూ చెరి సగం చదవండి. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పండి. మొగుడూ పెళ్ళాలు ఒకరికొకరు కొత్త సంగతి చెప్పుకుని ఎన్నాళ్ళైంది?

"జనం ఎక్కువైతే అవే పాడవుతాయి కదా." ఇది మాత్రం అసలైన అభ్యంతరం. 1978లో బాలచందర్ గారు "మరోచరిత్ర"ని విశాఖ, భీమిలి తీరంలోనే తీశారు. ఆ సినిమా చూసి వచ్చిన ప్రేమికులు, ఆ తర్వాత సినిమా చూడకుండానే వచ్చినవాళ్ళు కూడా, గోడ కనబడితే చాలు పేర్లు చెక్కుతున్నారు. బాణం గుర్తు, రెండు పేర్లు, ఒక తేదీ. సమాధినీ వదల్లేదు, ఇటుకనీ వదల్లేదు. రెండు వేల ఏళ్ళు నిలిచిన ఇటుక మీద నీ పేరు గీకితే నీ ప్రేమ రెండు వేల ఏళ్ళు ఉంటుందా నాయనా? ప్రీవెడ్డింగ్ షూటు వాళ్ళు ఇంకో రకం. స్తూపం మీదకెక్కి గౌను ఎగరేస్తారు, డ్రోను తిప్పుతారు, ప్లాస్టిక్ పూలరేకులు వదిలేసి వెళ్తారు. వీళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళు కారు. రిసార్టులో ఉన్నవాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదు. ఇద్దరికీ ఊరు ఒక పరదా. నేను రమ్మంటున్నది పరదా కోసం కాదు.

"మా ఆయన సర్‌ప్రైజ్‌గా బుక్ చేశారు, నన్నడగలేదు." ఈ సర్‌ప్రైజుల సంగతి కూడా చెప్పాలి. ఇద్దరూ సంపాదిస్తారు, ఇద్దరికీ సెలవు సమస్యలు ఉంటాయి, ఇద్దరికీ పుట్టిన పెళ్ళిరోజు అది. ఒక్కరే కూర్చుని ప్యాకేజీ కొనేసి, గదిలో మంచం మీద గులాబీ రేకులతో గుండె బొమ్మ వేయించడం మీద నాకు గౌరవం లేదు. ఆ బొమ్మ పక్క గదిలో కూడా వేస్తారు, రేపొచ్చే వాళ్ళకీ వేస్తారు. అదొక టెంప్లేటు. పేరొక్కటే మారుస్తారు. అడిగి, ఇద్దరూ కలిసి "ఇక్కడికి వెళ్దాం, ఇది చూద్దాం" అనుకోవడమే సగం ప్రయాణం.

"ఆన్‌కాల్ ఉంటుంది, లాప్‌టాప్ తప్పదు, రిసార్టులో అయితే వై-ఫై గ్యారంటీ." అయ్యా, అది సెలవు కాదు. సముద్రం పక్కనించి వర్క్ ఫ్రమ్ హోమ్. పెళ్ళిరోజు తేదీ ఏడాది ముందే తెలుసు, రిలీజు తేదీలా మారదు. నెల ముందు చెప్పి ఆన్‌కాల్ మార్పించుకోండి. టీములో ఇంకొకరి పెళ్ళిరోజుకి మీరు తీసుకోండి. మీరే లీడ్ అయితే, సెలవులో ఉన్న దంపతులకి ఫోను చెయ్యకండి. దీనికి కంపెనీ పాలసీ మారేదాకా ఆగక్కర్లేదు.

చెన్నైలో ఉన్న మనవాళ్ళు ఇదంతా భీమిలి కథ అనుకోకండి. పల్లవుల నాటి రథాలు కళ్ళముందు పెట్టుకుని, ఈస్ట్ కోస్ట్ రోడ్డు రిసార్టులో పూల్ పక్కన పడుకుని "మహాబలిపురం వెళ్ళొచ్చాం" అనేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. తీరం గుడికి 20 నిమిషాలు కేటాయించి, అందులో 15 ఫొటోలకి వాడేవాళ్ళని నేను కళ్ళారా చూశాను.

కాబట్టి, ఈ ఏడు భీమిలి వెళ్ళే దంపతులకి నా సలహా. రిసార్టులో దిగాలనుంటే దిగండి, నాకేం పగ లేదు. పడుకోడానికి గది ఎక్కడైనా ఒకటే. కానీ 2 గంటలకి రూము ఇచ్చేదాకా లాబీలో కూర్చోకండి. సామాను అక్కడ పడేసి ఊళ్ళోకి నడవండి. హాలండర్స్ గ్రీన్ చూడండి, పాత లైట్‌హౌస్ వైపు వెళ్ళండి, ఊళ్ళోనే తినండి. చేపలు తినేవాళ్ళైతే మీకు ఇంకేం చెప్పక్కర్లేదు. సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలు, కాలిబాట వదలకుండా, గట్టు అంచులు తొక్కకుండా. మర్నాడు పొద్దున్నే గోస్తనీ ముఖం, తర్వాత పావురాలకొండ. తిరుగు దార్లో తొట్లకొండ. ఇదంతా చేసినా బోలెడు టైము మిగులుతుంది, లెక్క పైన చూశారుగా.

వచ్చాక ఒక్క పని చెయ్యండి. రిసార్టుకి రాసేటంత రివ్యూ, చూసిన ఒక్క పాత చోటు గురించి కూడా రాయండి. దారి ఎలా ఉంది, బోర్డు ఉందా, బాత్రూముందా, గోడ మీద గీతలున్నాయా, అన్నీ. పర్యాటక శాఖకీ, పురావస్తు శాఖకీ అదే కాపీ ఒకటి పంపండి. బగ్ రిపోర్టు రాయడం మనకంటే బాగా ఎవరికొచ్చు? ఒక్కటి పంపితే పక్కన పడేస్తారు, వంద వస్తే ఎవరో ఒకరు తెరిచి చూడాలి.

డిసెంబరు, జనవరి నెలలు బాగుంటాయి, ఎండాకాలం మాత్రం వద్దు. చెప్పులతో కాదు, బూట్లేసుకుని వెళ్ళండి, కొండమీద ముళ్ళుంటాయి. మంచినీళ్ళు కింద నించే పట్టుకెళ్ళండి. ఖాళీ సీసా తిరిగి కిందకి తెచ్చుకోండి.